అబ్బాయికి రగ్బీ లీగ్ పిచ్చి, ఇంట్లో అందరికీ బెంగ

ప్రశ్న: మాది ఒంగోలు. చాలా ఏళ్ళుగా సిడ్నీ పశ్చిమాన బ్లాక్‌టౌన్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి పదో తరగతి. చిన్నప్పటి నుంచి వారాంతాల్లో రగ్బీ లీగ్ ఆడుతున్నాడు. వచ్చే సీజన్‌కి హెరాల్డ్ మాథ్యూస్ కప్ (పదిహేడేళ్ళలోపు కుర్రాళ్ళ పోటీ) జట్టు శిక్షణకు రమ్మని పిలిచారు. ఇక ఆటే తన వృత్తి అని, పదకొండో తరగతిలో లెక్కలు వదిలేసి తేలిక సబ్జెక్టులు తీసుకుంటానని పట్టుబడుతున్నాడు. మావారేమో ఆటే మాన్పించమంటున్నారు. ఇందులో బతుకుతెరువు ఉందా? ఆ ఆటగాళ్ళ జీవితాలు ఎలా ఉంటాయి? వాడు మిగతా పిల్లల్లా భారీ మనిషి కూడా కాదు.

జవాబు: అమ్మా, ముందు మీవారితో ఒక మాట చెప్పండి. ఆ పిలుపు తేలిగ్గా తీసుకోవలసింది కాదు. మీరుంటున్న చోటే ఈ ఆటకు పుట్టిల్లులాంటిది. ఈ ఆటలో అక్కడి అత్యున్నత పోటీ ఎన్‌ఆర్‌ఎల్‌లో 2021 నుంచి 2024 దాకా వరుసగా నాలుగు టైటిళ్ళు గెలిచిన పెన్‌రిత్ జట్టులో చాలామంది ఆ చుట్టుపక్కల జూనియర్ క్లబ్బుల్లో పెరిగినవాళ్ళే. అంత పోటీలో మీవాడి మీద ఒకరి కన్ను పడిందంటే వాడిలో ఏదో ఉంది.

ఇక బతుకుతెరువు సంగతి. డబ్బు ఊసెత్తితే పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడని మీరు సంకోచిస్తున్నట్టున్నారు. అక్కర్లేదు. ఈ ఆట పుట్టిందే కూలి తగాదాలోంచి. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో గని కార్మికులు, మిల్లు కార్మికులు శనివారం పని మానుకొని రగ్బీ ఆడేవారు, ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి మేమిస్తామని అక్కడి క్లబ్బులు అంటే, ఆట పెద్దలు ససేమిరా అన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఆ క్లబ్బులు సమావేశమై వేరుకుంపటి పెట్టుకున్నాయి, అదే నేటి రగ్బీ లీగ్. పదిహేనుమంది ఆట పదముగ్గురి ఆట కావడం, ఇప్పటి నియమాలు రావడం అంతా ఆ తర్వాతి కథ. సిడ్నీలో పోటీలు 1908లో మొదలయ్యాయి. కాబట్టి జీతం ఎంత, ఎన్నాళ్ళు అని అడగడం ఈ ఆటలో ఎవరికీ తప్పుగా తోచదు.

ఎన్‌ఆర్‌ఎల్‌లో ఇప్పుడు 17 క్లబ్బులు. ఒక్కో క్లబ్బు ప్రధాన జాబితాలో 30 మంది. అంటే మొత్తం 510 స్థానాలు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, పసిఫిక్ ద్వీపాల కుర్రాళ్ళందరి పోటీ వీటికోసమే. 2027లో పెర్త్ జట్టు వస్తే మరికొన్ని పెరుగుతాయి. ఆ జాబితాలోకి ఎక్కినవాడికి ఏడాదికి కనీస వేతనం 2023లో 1,20,000 డాలర్లు, అది 2027కి 1,50,000 అవుతుంది. మహా తారలు పది లక్షల డాలర్లు దాటి సంపాదిస్తారు. పేపర్లలో మీవాడు చూసేది వాళ్ళనే. జాబితా అంచున ఉన్నవాడి పరిస్థితి వేరు: ఒకటి రెండేళ్ళ కాంట్రాక్టు, అది ముగుస్తుంటే గుండె దడ. కాంట్రాక్టులో ఆఖరి ఏడాది మొదలవకముందే, నవంబరు 1 నుంచి, ఆటగాడు ఇతర క్లబ్బులతో మాట్లాడుకోవచ్చు. ఒక జట్టుకు ఆడుతూనే వచ్చే ఏడాది ఎక్కడుంటానో బేరం చేసుకోవలసిన బతుకు అది.

ఇప్పుడు వచ్చిన పిలుపుకూ ఆ జాబితాకూ నడుమ చాలా మెట్లున్నాయి. హెరాల్డ్ మాథ్యూస్ అండర్-17. తర్వాత ఎస్‌జీ బాల్ అండర్-19, జెర్సీ ఫ్లెగ్ అండర్-21, ఆపైన ఎన్‌ఆర్‌ఎల్‌కు ఒక్క మెట్టు కింద ఉండే న్యూ సౌత్ వేల్స్ కప్. ప్రతి మెట్టు దగ్గరా జట్టు పలచబడుతుంది. పద్దెనిమిదేళ్ళకు మోకాలి లిగమెంటు తెగి ఏడాది కూర్చున్న కుర్రాడి చోటులోకి మరొకడు వచ్చేస్తాడు. అందులో ఎవరి తప్పూ ఉండదు.

పై మెట్టు చేరినవాళ్ళ జీవితం బయటికి కనిపించినంత విలాసం కాదు. నవంబరులో శిక్షణ మొదలు, మార్చి నుంచి మ్యాచ్‌లు, అక్టోబరు మొదట్లో ఫైనల్. దసరాలు, సంక్రాంతులు ఆ క్యాలెండరులో ఉండవు. భుజాల నడుమ జెర్సీలో చిన్న జీపీఎస్ పరికరం ఉంటుంది. ఎంత దూరం పరుగెత్తావు, ఎన్నిసార్లు వేగం పెంచావు, అన్నీ అది లెక్కపెడుతుంది. మ్యాచ్ మర్నాడు మంచం దిగడానికి గోడ పట్టుకుంటారు. ఆ తర్వాత వీడియో ముందు కూర్చోబెడితే, తప్పిన ట్యాకిల్‌ని (ఎదుటి ఆటగాణ్ణి పట్టి పడగొట్టడాన్ని) నలుగురి ముందూ మళ్ళీ మళ్ళీ తిప్పి చూపిస్తారు.

కుటుంబానికీ తిప్పలే. క్లబ్బు మారితే సిడ్నీ నుంచి టౌన్స్‌విల్‌కో ఆక్లండ్‌కో మూటాముల్లె సర్దుకోవాలి, భార్య ఉద్యోగం, పిల్లల బడి అన్నీ మళ్ళీ మొదటికి. ఇంగ్లండ్ ఆటగాడు జార్జ్ విలియమ్స్ కాన్‌బెరాలో బాగా ఆడుతూ కూడా 2021లో, కోవిడ్ ఆంక్షల కాలంలో, ఇంటి మీద బెంగతో ఉండి సీజన్ మధ్యలోనే క్లబ్బుకు దూరమయ్యాడు. ఆపైన మైదానం బయట ప్రవర్తన. తీవ్రమైన నేరారోపణ ఎదుర్కొంటున్న ఆటగాడిని కేసు తేలేదాకా ఆడనివ్వకూడదన్న నియమం 2019 నుంచి ఉంది. ఇరవై ఏళ్ళకే చేతినిండా డబ్బు, చుట్టూ ఫోన్ కెమెరాలు. మన ఇళ్ళలో ఆ వయసు పిల్లలకు అంత పరీక్ష ఉండదు.

భారీ మనిషి కాడన్నారు. ఇంగ్లండ్‌లోని లీడ్స్ జట్టు ఆటగాడు రాబ్ బరో ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. 492 మ్యాచ్‌లు ఆడి అక్కడి అత్యున్నత పోటీ సూపర్ లీగ్‌లో ఎనిమిది టైటిళ్ళు గెలిచాడు. 2019లో అతనికి కండరాలు క్రమంగా చచ్చుబడే మోటార్ న్యూరాన్ వ్యాధి ఉందని తేలింది. అప్పుడు పాత కెప్టెన్ కెవిన్ సిన్‌ఫీల్డ్ ఆ వ్యాధిగ్రస్తుల కోసం విరాళాలు సేకరిస్తూ మారథాన్‌లు పరుగెత్తాడు. 2023 లీడ్స్ మారథాన్‌లో మిత్రుణ్ణి చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చి, చివరి గీత దగ్గర చేతుల్లో ఎత్తుకొని దాటించాడు. బరో 2024 జూన్‌లో కన్నుమూశాడు. ఇలాంటి స్నేహాలు కూడా ఈ ఆటలోనే దొరుకుతాయి, మీవాడు వదల్లేకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

నేను రాజీపడని విషయం ఒక్కటే, తల. కబడ్డీలో పట్టు పట్టినట్టే ఉంటుంది గానీ, ఇక్కడ వంద కిలోల మనిషి పూర్తి వేగంతో వచ్చి ఢీకొంటాడు. 2014 మార్చిలో న్యూకాజిల్ ఆటగాడు అలెక్స్ మెకినన్ ఒక ట్యాకిల్‌లో మెడ విరిగి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు, వయసు 22. అలాంటివి అరుదు. అరుదు కానివి తలకు పదే పదే తగిలే దెబ్బలు. నార్త్ క్వీన్స్‌లాండ్ జట్టుకు 2015లో టైటిల్ తెచ్చిన కోచ్, మాజీ ఆటగాడు పాల్ గ్రీన్ 49 ఏళ్ళకే 2022లో చనిపోతే, పరీక్షలో ఆయన మెదడుకు సీటీఈ అనే వ్యాధి, అంటే తలకు పదే పదే దెబ్బలు తగలడంతో ముడిపడిన జబ్బు, ఉన్నట్టు తేలింది. బతికుండగా దీన్ని కచ్చితంగా నిర్ధారించే పరీక్ష లేదు. ఆస్ట్రేలియా క్రీడా సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం, కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అయిన 19 ఏళ్ళలోపు పిల్లలు లక్షణాలన్నీ పోయాక కనీసం 14 రోజులు ఆగాకే ఢీకొనే శిక్షణకు వెళ్ళాలి, 21 రోజుల ముందు మ్యాచ్ ఆడకూడదు. ఇది మీ ఇంటి చట్టం చేయండి. సెమీఫైనల్ అయినా సరే, కోచ్ బతిమాలినా సరే. తలనొప్పి దాచితే ఆ సీజన్‌కి ఆట బంద్ అని ఇప్పుడే చెప్పండి. ఈ షరతుకు ఒప్పుకోకపోతే మీవారి మాటే నా మాట.

లెక్కలు మాత్రం వదలనివ్వకండి. 1980లో సిడ్నీ క్లబ్బు కాంటర్‌బరీకి కెప్టెన్‌గా టైటిల్ గెలిచిన జార్జ్ పెపోనిస్ గ్రీసులో పుట్టి పసితనంలో వలస వచ్చినవాడు. వైద్యం చదివి డాక్టరయ్యాడు, ఆస్ట్రేలియా జట్టుకూ నాయకత్వం వహించాడు. ఈ కథ చెప్పి వాణ్ణి వేధించకండి. అప్పట్లో ఆటగాళ్ళందరికీ పగలు వేరే ఉద్యోగం ఉండేది, ఇప్పుడు ఆటే పూర్తికాలపు ఉద్యోగం. అయినా మీవాడికి వీలున్న దారి ఒకటుంది. హెరాల్డ్ మాథ్యూస్, ఎస్‌జీ బాల్ పోటీలు ఫిబ్రవరిలో మొదలై ఏడాది మధ్యకు రాకముందే అయిపోతాయి, పన్నెండో తరగతి చివర రాసే హెచ్‌ఎస్‌సీ పరీక్షలు అక్టోబరు, నవంబరుల్లో. రెండూ పొసగుతాయి. మరీ భారమైతే హెచ్‌ఎస్‌సీని అయిదేళ్ళ దాకా విడతలుగా పూర్తిచేసే వెసులుబాటుంది, బడిలో అడగండి. విశ్వవిద్యాలయం వద్దంటే ఎలక్ట్రీషియన్ శిక్షణయినా నాకు సమ్మతమే. మనవాళ్ళు ముఖం చిట్లిస్తారు గానీ, సిడ్నీలో ఒకసారి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బిల్లు చూస్తే ఆ చిన్నచూపు పోతుంది.

సబ్జెక్టుల ఫారం ఇచ్చేముందు మీరిద్దరూ క్లబ్బుకు వెళ్ళండి. ఆటగాళ్ళ చదువూ సంక్షేమమూ చూసే ఉద్యోగి ఉంటారు, కోచ్‌తో పాటు ఆయనతోనూ మాట్లాడండి. శిక్షణ వారానికి ఎన్ని సాయంత్రాలు, గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది, గత రెండేళ్ళలో ఎంపిక కాని పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారు, ఇవి అడగండి. చివరి ప్రశ్నకు వాళ్ళు నీళ్ళు నమిలితే మీకు కొంత అర్థమవుతుంది. ఏజెంటు అవసరం ఇప్పుడే లేదు. ఎవరైనా కాగితం పట్టుకొస్తే ఎన్‌ఆర్‌ఎల్ గుర్తింపు ఉన్నవాడేనా చూసుకోండి, ఇంటికి తెచ్చి చదివాకే సంతకం పెట్టండి.