అల్లుడూ, రంగు చూసి వైరు ముట్టుకోకు

అల్లుడూ,

సౌదీ స్కిల్ టెస్టు పాసయ్యావని, దమ్మాంలో ఎలక్ట్రీషియన్ వీసా వచ్చిందని మీ అమ్మ, అదే మా అక్క, ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం వేసింది. మా కాలంలో ఏ పరీక్షా లేదు, పని వచ్చా అని ఏజెంటు అడిగేవాడు, వచ్చు అనేవాళ్ళం, విమానం ఎక్కేవాళ్ళం. నువ్వు ఐటీఐ చదివి, ఇక్కడే పరీక్ష నెగ్గి, చేతిలో సర్టిఫికెట్ పట్టుకుని పోతున్నావు. మీ నాన్న ఉంటే జగిత్యాల అంతా చెప్పుకు తిరిగేవాడు. కానీ ఆ రోజు నుంచి నాకు సరిగా నిద్ర లేదు. ఫోన్లో చెబితే నువ్వు సరే మామా, సరే మామా అంటావు, ఒక్కటీ చెవికెక్కదు. అందుకే రాస్తున్నా, రెండుసార్లు చదువు.

ముందు చిన్న విషయాలు. ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్లో చూడు. లైసెన్సు ఉన్నవాడు సర్వీస్ చార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. వీసా మీద, కాంట్రాక్టు మీద ఎలక్ట్రీషియన్ అనే ఉండాలి, లేబర్ అని ఉంటే సంతకం పెట్టకు, అక్కడికి పోయాక మారుస్తాం అంటే అసలే పెట్టకు. కాగితాలన్నీ ఫోటోలు తీసి అక్క ఫోన్లో ఒక కాపీ ఉంచు.

ఇక లైసెన్సుల సంగతి. మన దగ్గర వైర్‌మెన్ పర్మిట్ రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇస్తుంది, పైన సూపర్‌వైజర్ సర్టిఫికెట్, ఆ పైన కాంట్రాక్టర్ లైసెన్సు. తెలంగాణ పర్మిట్ పట్టుకుని పక్క రాష్ట్రంలో పని చేయాలన్నా ఆ రాష్ట్రం గుర్తించాలి. దేశంలోనే ఇలా ఉంటే సముద్రం దాటాక అడగాలా? సౌదీ వాళ్ళకు నీ పర్మిట్ తెలియదు, వాళ్ళ స్కిల్ టెస్టే తెలుసు. అయినా పర్మిట్ దరఖాస్తు పెండింగ్ ఉంటే పోయేలోపు తీసుకో. ఎప్పటికైనా తిరిగొచ్చేది ఇక్కడికే కదా.

పని నీకు వచ్చు, దాని మీద నాకు బెంగ లేదు. నా భయమంతా నీ అలవాట్ల మీద. మన చేతికి కొన్ని అలవాట్లు పడిపోయి ఉంటాయి, ఎర్ర వైరు ఫేజు అంటే కరెంటు వచ్చేది, నల్ల వైరు న్యూట్రల్ అంటే తిరిగి పోయేది, పచ్చది ఎర్త్. ఈ లెక్క మన ఇళ్ళలో సరే. అమెరికా పద్ధతిలో నల్లది ఫేజు, ఎర్రది కూడా ఫేజు, తెల్లది న్యూట్రల్. యూరప్ పద్ధతిలో గోధుమ, నలుపు, బూడిద రంగులు మూడూ ఫేజులే, నీలం న్యూట్రల్. ఆ నీలమే మన త్రీ ఫేజులో మూడో ఫేజు, బి ఫేజు! బ్రిటన్‌లో కూడా ఒకప్పుడు మనలాగే ఎరుపు నలుపు ఉండేవి, 2004లో మార్చడం మొదలుపెట్టి 2006 నుంచి కొత్త వైరింగుకు కొత్త రంగులే తప్పనిసరి చేశారు. అంటే ఒకే బిల్డింగులో పాత గదికి ఒక రంగు, కొత్త గదికి ఇంకో రంగు ఉండొచ్చు. గల్ఫ్‌లో అమెరికా వాళ్ళు కట్టినవి, బ్రిటిష్ వాళ్ళు కట్టినవి, మనవాళ్ళు రిపేర్ చేసినవి అన్నీ కలిసి ఉంటాయి.

నేను సౌదీలో ఉన్నప్పుడు మా క్యాంపులో మన వైపు మనిషి ఒకడుండేవాడు. పేరు వద్దులే. ఇక్కడ పదేళ్ళకు పైగా పని చేసి వచ్చినవాడు, మా అందరికంటే పని బాగా తెలిసినవాడు. ఒక పాత బిల్డింగు మీద ఏసీ మార్చే పని పడింది. పాత ఏసీ అప్పటికే దింపేశారు, స్విచ్ డబ్బాలో ఎర్ర వైరు, నల్ల వైరు కొసలు మిగిలాయి, పక్కన పచ్చ ఎర్త్. అచ్చం మన వైరింగులానే కనిపించింది. 220 వోల్టులు అంటే ఒక ఫేజు, ఒక న్యూట్రల్ అనుకున్నాడు, మన దగ్గర అంతే కదా. కానీ అక్కడ పాత సప్లై 127/220. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 127, ఫేజుకూ ఫేజుకూ మధ్య 220. అంటే ఆ ఏసీకి వచ్చినవి రెండు ఫేజులు, న్యూట్రల్ అనేదే లేదు. అలాంటి చోట రెండు ఫేజు వైర్లనూ ఒకేసారి ఆపేసే డబుల్ పోల్ బ్రేకర్ ఉండాలి. అంతకు ముందు ఎవరో అది పాడైతే ఒక్కో వైరును విడిగా ఆపే సింగిల్ పోల్ బ్రేకర్లు రెండు పెట్టి పోయారు. మనవాడు ఎర్ర వైరు బ్రేకర్ దింపాడు, పైకొచ్చి ఎర్ర వైరు మీద టెస్టర్ పెట్టాడు, వెలగలేదు. నల్లదాని మీద పెట్టనే లేదు. న్యూట్రల్‌కి టెస్టర్ ఎందుకు అనుకున్నాడు. ఒళ్ళంతా చెమట, మోకాలు రేకు డక్టుకు ఆనించి, ఉత్త చేత్తో నల్ల వైరు కొస పట్టుకుని ప్లయర్‌తో తొడుగు లాగాడు.

పట్టుకున్న చెయ్యి విడిపోలేదు. కరెంటు కండరాన్ని బిగించేస్తే మనిషి విడిపించుకోలేడు, ఇది నువ్వు ఐటీఐలో చదివే ఉంటావు, కానీ చూడలేదు. పక్కనున్న మలయాళీ కుర్రాడు చెక్క పలకతో చెయ్యి కొట్టి విడిపించాడు. ప్రాణం దక్కింది. రెండు వేళ్ళు లోపలి దాకా కాలిపోయి మళ్ళీ మడత పడలేదు. కంపెనీ వాళ్ళు పని రాదని రాసి ఇంటికి పంపించేశారు. పని రాక కాదు అల్లుడూ, పని బాగా వచ్చినందుకే ఆ చెయ్యి ఆలోచించకుండా కదిలింది. ఆ కాగితం మీద పని రాదు అని రాసినందుకు నాకు ఇప్పటికీ మండుతుంది.

అందుకని చెబుతున్నా. రంగు చూసి ఏ వైరూ ముట్టుకోకు. ప్రతి వైరునూ మీటరుతో చూడు, ఎర్రదానికీ నల్లదానికీ మధ్య, ఎర్రదానికీ ఎర్త్‌కూ మధ్య, నల్లదానికీ ఎర్త్‌కూ మధ్య. చూసేముందు కరెంటు ఉన్న చోట మీటరు పెట్టి అది పని చేస్తోందని రూఢి చేసుకో, చూశాక మళ్ళీ అక్కడే పెట్టు, మధ్యలో మీటరు చచ్చిపోయిందేమో తెలియాలి. జేబులో పెట్టుకునే ఆ స్క్రూడ్రైవర్ టెస్టర్ ఇంట్లో వదిలేసి పో. దాని బల్బు వెలిగేదే నీ ఒంట్లోంచి పోయే కరెంటుతో, చెప్పులు, నేల, వెలుతురు మారితే అదీ మారుతుంది.

బ్రేకర్ దింపాక నీ తాళం వెయ్యి, తాళంచెవి నీ జేబులోనే ఉండాలి, ట్యాగ్ మీద నీ పేరు ఉండాలి. మన ఊళ్ళో ఎల్‌సీ, అంటే లైను ఆపాం ఎక్కొచ్చు అనే లైన్ క్లియర్, ఫోన్లో మాటే. ఆ మాట ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా వినపడి స్తంభం మీదే పోయినవాళ్ళ వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. మంచి కంపెనీల్లో తాళం లేనిదే పని మొదలుపెట్టనివ్వరు. తొందరపెట్టే సూపర్‌వైజర్ దొరికితే తాళం తెమ్మని అడుగు, తిట్టనీ.

నిరుడు దసరాకి వచ్చినప్పుడు మా బోరు మోటార్ స్టార్టర్ డబ్బా తెరిచి, తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి రిలే నొక్కావు. నేను అరిస్తే నవ్వావు. అప్పుడు తిట్టినదానికి నొచ్చుకున్నావని అక్క చెప్పింది. నొచ్చుకున్నా ఫర్వాలేదు, నిన్ను ఎత్తుకుని పెంచిన చేతులు ఇవి, ఆ హక్కు నాకుంది.

మిగతా తేడాలు అక్కడే నేర్చుకుంటావు. సౌదీ కరెంటు 60 హెర్ట్జ్, మనది 50, కాబట్టి ఇక్కడ నిమిషానికి 1500 చుట్ల లెక్కన తిరిగే నాలుగు పోళ్ళ మోటార్ అక్కడ 1800 లెక్కన తిరుగుతుంది. పాత సప్లై 127/220 అయితే కొత్తది 230/400, పని మొదలుపెట్టేముందు ఏది ఉందో కొలిచి చూడు. అమెరికా పద్ధతి సైట్లో వైరు గేజుల్లో ఉంటుంది, నంబరు పెరిగితే వైరు సన్నం, 12 గేజు మన 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు కంటే లావు, 14 గేజు సన్నం. ఒక ముచ్చట మరచిపోయా, బ్రిటిష్ త్రీ పిన్ సాకెట్‌లో ఎర్త్ కన్నంలోకి పిన్ను దూరితేనే మిగతా రెండు కన్నాల మూతలు తెరుచుకుంటాయి. క్యాంపు గదుల్లో మనవాళ్ళు ఎర్త్ కన్నంలో స్క్రూడ్రైవర్ దూర్చి టూ పిన్ చార్జర్ పెట్టేస్తారు. నీ గదిలో అలా ఎవరైనా చేస్తే ఊరుకోకు, ప్లగ్గులో ఫ్యూజు, సాకెట్‌కి మూత ఎందుకు పెట్టారో చెప్పు.

ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. అడిగి తీసుకో. చెమట పట్టిన చర్మం కరెంటుకు అడ్డుపడే శక్తి బాగా తగ్గిపోతుంది, పొడి ఒంటికి జివ్వుమని వదిలేసే షాకు తడి ఒంటిని చంపుతుంది.

తర్వాత కెనడా పోవాలని ఉందట కదా. మంచిదే, కానీ ఆ దారి ఇప్పటినుంచే మొదలవుతుంది. ఒంటారియోలో 309ఏ అనే ఎలక్ట్రీషియన్ ట్రేడుకు అప్రెంటిస్‌షిప్ 9,000 గంటలు, రెడ్ సీల్ అనే కెనడా ట్రేడు పరీక్షలో 70 శాతం రావాలి. అమెరికా టెక్సస్‌లో జర్నీమన్ లైసెన్సుకు, అంటే అప్రెంటిస్ దాటినవాడి లైసెన్సుకు, మాస్టర్ ఎలక్ట్రీషియన్ కింద 8,000 గంటలు. కొన్ని రాష్ట్రాల్లో అసలు రాష్ట్ర లైసెన్సే లేదు, ఊరికో రూలు. షికాగోలో అయితే ఇళ్ళల్లో కూడా వైరంతా లోహపు పైపులోనే పోవాలి. ఆస్ట్రేలియాలో బయటి నుంచి వచ్చినవాడికి ముందు నైపుణ్యం చూస్తారు, తర్వాత తాత్కాలిక లైసెన్సుతో ఒకరి కింద పని, వాళ్ళ నిబంధనల మీద శిక్షణ, ఆ తర్వాతే సొంతంగా చెయ్యనిస్తారు. అన్నిచోట్లా అడిగేది ఒక్కటే, ఏ పని, ఎన్ని గంటలు, ఎవరి కింద చేశావు అని. కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టు. ప్యానెల్ పనా, మోటార్ పనా, కండ్యూట్ పైపు వేశావా, ఎన్ని గంటలు అన్నది రోజూ రాయి, నెలకోసారి సూపర్‌వైజర్ సంతకం తీసుకో. కంపెనీ మారేటప్పుడు లెటర్‌హెడ్ మీద అవన్నీ రాయించుకో. బాగా పని చేశాడు అనే రెండు వరుసల కాగితం అక్కడ ఎందుకూ పనికిరాదు.

డబ్బులు తక్కువైతే అక్కను అడగకు, నన్ను అడుగు. మంచి మీటరు నేనే కొనిస్తా, వచ్చే వారం కరీంనగర్ పోదాం, నువ్వే చూసి తీసుకో. దమ్మాంలో దిగిన మొదటి వారంలో నువ్వు పని చేసే చోట బ్రేకర్లుండే డబ్బా, అదే డీబీ, మూత తీసినప్పుడు ఫోటో తీసి పంపు, ఏ వైరు ఏ రంగులో ఉందో, ఏది ఎంత చూపించిందో పక్కన రాసి పంపు. ఇంకో మాట, రాత్రి షిఫ్టు అయ్యాక ఎంత ఆలస్యమైనా అక్కకు ఒక మెసేజ్ పెట్టు, అది చూసేదాకా ఆమె పడుకోదు.

మీ మామ