పిజ్జా పచ్చిగా వచ్చినా సర్వీస్ ఛార్జ్ కట్టాలా?

విశాఖ బీచ్ రోడ్డులోని రెస్టారెంట్‌లో నలుగురికి 3,200 రూపాయలు అయిందని, యాభై నిమిషాలు కూర్చోబెట్టి చల్లారిన పిజ్జా పెట్టారని, పైగా పది శాతం సర్వీస్ ఛార్జ్ వేశారని రాశారు కదండీ. అమ్మగారి పుట్టినరోజు అలా అయిందంటే చదువుతుంటేనే ప్రాణం ఉసూరుమంది.

ముందు ఆ ఛార్జ్ సంగతి. అది పన్ను కాదు. ప్రభుత్వానికి వెళ్లేది జీఎస్టీ, విడిగా నడిచే రెస్టారెంట్లలో 5 శాతం. సర్వీస్ ఛార్జ్‌ను వాళ్లంతట వాళ్లు బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది కూడా. కాబట్టి బిల్లు ఫొటో పెట్టి ఆ ఛార్జ్ వెనక్కి ఇవ్వమని మేనేజర్‌ని వాట్సాప్‌లో అడగండి. ఇవ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక పిజ్జా. మధ్యలో పిండి వేలికి అంటుకుందన్నారు. ఓవెన్ బాగా వేడెక్కకముందే పెట్టినా, పైన చీజ్, కూరగాయలు మరీ ఎక్కువ వేసినా అలాగే అవుతుంది. సిరిపురంలో ఒకచోట నాకూ ఇదే జరిగింది. మొహమాటపడి సగం తిన్నాక చెబితే, "తినేశారు కదా మేడమ్" అన్నారు. ఈసారి మొదటి ముక్క ఎత్తగానే అడుగు తిప్పి చూడండి. గోధుమరంగు మచ్చలు లేకుండా తెల్లగా ఉండి, ముక్క తడిగుడ్డలా వేలాడితే అప్పుడే వెనక్కి పంపేయండి.

బిల్లు ఫొటో మాత్రం ఇవాళే తీసుకోండి. ఆ కాగితం మీద అక్షరాలు త్వరగా చెరిగిపోతాయి.