గొర్రెపిల్లల కళ్లలో పువ్వు: కండ్లకలక కాదు, రెప్ప ముడత

ప్రశ్న: మా మందలో పది రోజుల గొర్రెపిల్లలు నాలుగింటికి పుట్టినప్పటి నుంచీ కళ్ల వెంట నీరు కారుతోంది. రెండింటికి పువ్వు వేసింది. కండ్లకలక అని దుకాణంలో ఇచ్చిన చుక్కలు వేస్తున్నా తగ్గలేదు. ఆపరేషన్ చేయించాలా?

జవాబు: పుట్టుకతో మొదలైందంటే ఇది కండ్లకలక కాదనే అనిపిస్తోంది. అదే అయితే ఈపాటికి తల్లులకూ అంటుకుని ఉండేదేమో. బొటనవేలితో కింది రెప్ప చర్మాన్ని కిందికి లాగి చూడండి. తడిసిన వెంట్రుకల అంచు బయటపడి, వదలగానే లోపలికి ముడుచుకుపోతే రెప్ప ముడతే. ఆ వెంట్రుకలు నల్లగుడ్డును గీరడం వల్లే నీరు, పుండు, పువ్వు.

ముందు ఆ చుక్కలు ఆపండి. సీసాపై డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే అది స్టీరాయిడ్. పుండు పడిన కంట్లో అది వేస్తే పుండు మానదు, గుడ్డు చిల్లుపడి చూపు పోవచ్చు. కన్ను చూడకుండా మందు ఇచ్చే దుకాణదారు మాట దయచేసి వినకండి. స్టీరాయిడ్ లేని యాంటీబయాటిక్ కంటి ఆయింట్‌మెంట్‌ను రోజుకు 3-4 సార్లు, 7 రోజులు పెట్టండి.

పుట్టిన రెండు మూడు రోజుల్లో అయితే రెప్పను వేళ్లతో పదేపదే బయటికి తిప్పినా సరిపోయేది. పువ్వు వేశాక అది చాలదు. పశువైద్యుని చేత కింది రెప్ప చర్మం కింద 0.5-1 మి.లీ. ప్రొకైన్ పెన్సిలిన్ ఎక్కించండి. ఆ ఉబ్బుకు అంచు బయటికి తిరుగుతుంది. సూది రెప్ప అంచుకు సమాంతరంగానే పోవాలి, తల కదలకూడదు. మీరు ప్రయత్నించకండి, గుడ్డుకు గుచ్చుకుంటుంది. నొప్పికి పిల్ల కన్ను బిగించేకొద్దీ ముడత పెరుగుతుంది. ఆ బిగింపు వదిలితే చాలా పిల్లలకు ఇంతటితోనే సర్దుకుంటుంది. లేకుంటే రెప్ప కింది చర్మాన్ని మడిచి రెండు మూడు తాత్కాలిక కుట్లు.

వీటికీ లొంగకపోతేనే ఆపరేషన్. కంటిలో మత్తు చుక్కలు వేసి, బిగింపు పోయాక మిగిలిన ముడతనే కొలవాలి. అంచుకు 2-3 మి.మీ. దిగువన, ముడత వెడల్పు మేరకే నెలవంక ఆకారంలో చర్మం తీసి, మధ్య నుంచి కుట్టుకుంటూ రావాలి. దారం కొసలు కంటికి తగలకూడదు. ఎక్కువ తీస్తే రెప్ప బయటికి వేలాడుతుంది, దాన్ని సరిచేయడం ఇంకా కష్టం. చర్మం మొద్దుబారడానికి ఇచ్చే 2 శాతం లిగ్నోకైన్ సూది మందు 4 కిలోల పిల్లకు మొత్తం 0.8 మి.లీ. దాటకూడదు. కుట్లు 10-14 రోజులకు తీయించండి.

ఇది వంశపారంపర్యంగా వచ్చే లోపం. ఆపరేషన్ అయ్యాక పైకి కనపడదు కాబట్టి ముందే ఈ పిల్లలకు చెవి గుర్తు వేసి, సంతతికి ఉంచకుండా మాంసానికే పెంచండి. నాలుగూ ఒకే పొట్టేలు పిల్లలైతే దాన్ని ఈ సీజన్‌లోనే మార్చేయండి.