తల తుంచితే పొగాకు పిలకేస్తుంది, తెగిన వేలు ఎందుకు మొలవదు?

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె, పొగాకు వేస్తాం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న చేలో తలలు తుంచుతుంటే వెంట వచ్చి, "అమ్మా, తల తుంచితే పక్కనుంచి పిలకలు వస్తున్నాయి కదా, మరి గడ్డి మిషన్‌లో తెగిన బాబాయి వేలు ఎందుకు రాలేదు, మొక్కలోనూ మనలోనూ ఉండేవి కణాలే కదా" అని అడిగింది. నాకు చెప్పడం రాలేదు. ఇంకో మాట. మా మామగారికి పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. మూలకణాల ఇంజెక్షన్ వేయిస్తే లేచి నడుస్తారని ఒకరు అంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి. ముప్పై ఏళ్ళు బయాలజీ చెప్పాను, ఈ ప్రశ్న ఇలా చేలో నిలబడి అడిగిన పిల్ల నాకు తగల్లేదు.

పిలక రావాలన్నా వేలు రావాలన్నా ఒక కణం రెండు కావాలి. ఆ కణ విభజన అనగానే పిల్లలు ప్రథమదశ, మధ్యస్థదశ, చలనదశ, అంత్యదశ అని బట్టీ పట్టేస్తారు. కానీ అసలు పని అంతకుముందే అయిపోతుంది, కణంలోని డీఎన్ఏ మొత్తానికి రెండో కాపీ తయారవుతుంది. అందుకే కణం రెండైనా ఏదీ సగం కాదు, మనిషిలో అయితే రెండింటికీ 46 క్రోమోజోములు వస్తాయి. అంటే మీ మరిది చేతి చర్మంలోనూ ఎముకలోనూ ఉన్నది ఒకే సమాచారం. మరి వేలు ఎందుకు రాలేదంటే, చర్మకణం తనకు పనికొచ్చే జన్యువులను వాడుకుంటూ మిగతావాటిని మూసి పెట్టేస్తుంది. పోగొట్టుకోదు, మూస్తుందంతే. ఈ సంగతి 1962లో జాన్ గర్డన్ చూపించాడు. తోకకప్ప పేగు కణం నుంచి కేంద్రకం తీసి, సొంత కేంద్రకం పనిచేయకుండా చేసిన కప్ప గుడ్డులో పెడితే మళ్ళీ తోకకప్పలు వచ్చాయి. 2006లో జపాన్‌లో షిన్యా యమనాక, ఎలుక చర్మం నుంచి తీసిన కణాల్లోకి నాలుగు జన్యువులు పంపి వాటిని మూలకణాల్లాంటివిగా, అంటే ఏ రకం కణంగానైనా మారగలిగేవాటిగా మార్చాడు. ఇద్దరికీ కలిపి 2012లో నోబెల్ వచ్చింది.

ఇక మీ పొగాకు. ప్రతి ఆకు చంకలోనూ ఒక చిన్న మొగ్గ ముందునుంచే కూర్చుని ఉంటుంది. అందులోవి ఇంకా ఏ పనికీ కుదురుకోని, విభజన చెందుతూ పోగల కణాలు. వాటినే విభాజ్య కణజాలం అంటాం. మొక్క తలలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ ఆ మొగ్గలను లేవనివ్వదు. మీరు తల తుంచారంటే ఆ అదుపు పోయినట్టే, అందుకే ఎన్ని పిలకలు గిల్లినా మళ్ళీ వస్తుంటాయి. పొగాకు ఇంకా ఘనమైనది కూడా. 1957లో స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు పొగాకు కాండం లోపలి మెత్తటి కణాలనే సీసాలో పెంచి, ఆక్సిన్ వాటా ఎక్కువైతే వేర్లు, సైటోకైనిన్ అనే ఇంకో హార్మోను వాటా ఎక్కువైతే కొమ్మలు వస్తాయని చూపించారు. ఈరోజు మనం నాటే టిష్యూ కల్చర్ అరటి మొక్కల వెనుక ఉన్నది ఆ పనే. మీ చేలో పంట నుంచే ఇదంతా బయటపడిందని అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

మనలోనూ మూలకణాలు ఉన్నాయి, కానీ దేని పరిధి దానిదే. చర్మం అడుగున ఉన్నవి చర్మాన్నే ఇస్తాయి, ఎముక మజ్జలోవి రక్తాన్నే ఇస్తాయి. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులే బతుకుతుంది కాబట్టి మజ్జ సెకనుకు ఇరవై లక్షలకు పైగా కొత్తవి చేస్తూనే ఉండాలి. ఎదుగుదల ఆగినా మనలో కణ విభజన ఆగనిది ఇందుకే. వేలు మొత్తం రావాలంటే ఎముక, నరం, రక్తనాళం, చర్మం అన్నీ ఒక వరుసలో కుదరాలి, ఆ ఏర్పాటు మనకు లేదు. చిన్నపిల్లల్లో మాత్రం గోరు మొదలు మిగిలి ఉంటే వేలి కొస కొంత తిరిగి పెరుగుతుంది.

మామగారి విషయం సూటిగా చెబుతాను, వద్దమ్మా. మెదడులోని నరాల కణాలు దాదాపుగా విభజన చెందవు, చచ్చిపోయినవాటి స్థానంలో ఇంజెక్షన్‌తో కొత్తవి కుదురుకుంటాయనేది ఇంకా పరిశోధనలోనే ఉంది. రక్త జబ్బులకు మజ్జ మార్పిడి నిజమైన వైద్యం, అందులో సందేహం లేదు. కానీ పక్షవాతానికి మూలకణాలు వేయడం మన దేశంలో ఆమోదం పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే, అంటే వైద్యం పనిచేస్తుందో లేదో రోగుల మీద చూసే పరీక్షలోనే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి, అందులో చేరినవాళ్ళ దగ్గర వైద్యానికి డబ్బు తీసుకోకూడదు. మా బంధువు ఒకాయన వెన్నుపూసకు దెబ్బ తగిలితే ఇలాంటి మాటే నమ్మి ఎకరం అమ్మి ఒక ఆసుపత్రిలో కట్టాడు, కాళ్ళు కదల్లేదు, ఎకరం మళ్ళీ రాలేదు. ఇప్పటికీ ఆ ఇంటికి వెళ్తే నాకు మాట పెగలదు. మీరు ఆ డబ్బుతో మామగారికి రోజూ ఫిజియోథెరపీ చేయించండి, బీపీ మందులు వాడుతుంటే ఒక్కపూట కూడా ఆపనివ్వకండి, నరాల డాక్టరుకు చూపిస్తూ ఉండండి.

అమ్మాయికి ఒక పని. ఉల్లిగడ్డ అడుగు నీళ్ళకు ఆనేలా గ్లాసు మీద పెట్టమనండి, నాలుగైదు రోజుల్లో వేర్లు వస్తాయి. వేరు కొసన రెండు మిల్లీమీటర్ల ముక్క కోసి, బడిలో టీచరుగారి సాయంతో రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే, విడిపోతున్న క్రోమోజోములు కళ్ళారా కనిపిస్తాయి. వేరు పైభాగం కోస్తే కనపడవు, కొసే కావాలి.