చెస్ వీడియోలు ఏవి చూడాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. రాత్రి భోజనం అయ్యాక లీచెస్ అనే ఆన్‌లైన్ చెస్ సైటులో పది నిమిషాల గేములు ఆడతాను. రేటింగ్ ఏడాదిగా 1200 దగ్గరే ఆగిపోయింది. 'ఎనిమిది ఎత్తుల్లో గెలవండి' లాంటి వీడియోలు రోజూ చూస్తాను. చూస్తున్నప్పుడు అంతా అర్థమవుతుంది, ఆడటం మొదలుపెడితే ఒక్కటీ గుర్తురాదు. అసలు ఎలాంటివి చూడాలి? — ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ 'ఎనిమిది ఎత్తుల' బాపతు ఆపేయండి సార్. వాటిలో ఎక్కువగా కనిపించేది ఎంగ్లుండ్ గాంబిట్, మీరూ చూసే ఉంటారు. తెల్లపావుల వాడు మొదట బంటును డి4 గడికి జరిపితే నల్లపావులతో మనం 'ఈ5' గడికి జరిపి ఆ బంటు ఇచ్చేస్తాం, తర్వాత మంత్రితో బి2 బంటు కొడతాం, అప్పుడు వాడు కంగారుపడి ఆరో ఎత్తులో శకటును సి3కి తెస్తే సరిగ్గా ఎనిమిదో ఎత్తుకు మేట్. చూడటానికి భలే ఉంటుంది. కానీ వాడు శకటు బదులు గుర్రాన్ని సి3కి తెచ్చాడనుకోండి, మన మంత్రి ఒక్కటే శత్రువుల మధ్య తిరుగుతూ ఉంటుంది, మిగతా పావులు ఇంకా ఇంట్లోనే, ఆట దాదాపు పోయినట్టే. అక్కడి నుంచి ఏం చెయ్యాలో ఆ వీడియోలో చెప్పరు, ఎందుకంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు!

వీడియో వెతికే ముందు మీరు ఈమధ్య ఓడిన గేములు ఓ పది తిరగేయండి. లీచెస్‌లో గేము అయ్యాక కంప్యూటర్ విశ్లేషణ పెట్టి 'మీ తప్పుల నుంచి నేర్చుకోండి' అనేది నొక్కితే, మీరు తప్పు చేసిన చోటికే తీసుకెళ్లి ఇంకో ఎత్తు వెతకమంటుంది, పైసా ఖర్చు లేదు. 1200 దగ్గర ఆడేవాళ్లకు ఓపెనింగ్‌లో, అంటే ఆట మొదటి ఎత్తుల్లో, పోయే గేములు తక్కువ. కాపలా లేని పావును ఊరికే ఇచ్చేయడం, అవతలివాడి ఎత్తులో బెదిరింపు చూడకపోవడం, చాలావరకు ఈ రెండే. మీదీ అదే అయితే జాన్ బార్తలమ్యూ అనే అమెరికన్ ఇంటర్నేషనల్ మాస్టర్ చేసిన 'చెస్ ఫండమెంటల్స్' చూడండి, అందులో మొదటి పాఠమే కాపలా లేని పావుల గురించి.

ఆ తర్వాత డానియల్ నరోడిట్‌స్కీ స్పీడ్‌రన్ వీడియోలు. పాపం, 2025 అక్టోబర్‌లో 29 ఏళ్లకే పోయాడు, వీడియోలు మాత్రం ఉన్నాయి. గ్రాండ్‌మాస్టర్ అయ్యుండి కొత్త అకౌంట్‌తో కింది రేటింగ్ నుంచి మొదలుపెట్టి, ఆడుతున్నంతసేపూ తనేం ఆలోచిస్తున్నాడో పైకి చెబుతూ పోతాడు. అవతల ఆడేది మీలాంటి వాళ్లే కాబట్టి వాళ్లు చేసేవి మీరు చేసే తప్పులే. నా లెక్కలో మీ స్థాయికి ఇంతకంటే మంచివి లేవు. కాకపోతే పడుకుని చూస్తే లాభం లేదు. అతను ఎత్తు వేసేలోపు వీడియో ఆపి, మీరైతే ఏం ఆడేవారో, ఎందుకో పైకి చెప్పండి, తర్వాతే ప్లే నొక్కండి. 'చూస్తున్నప్పుడు అర్థమవుతుంది' అన్నారే, జవాబు ముందే చెప్పేస్తుంటే ఎవరికైనా అర్థమవుతుంది. అరగంట వీడియో గంట పట్టిందంటే సరిగ్గా చూస్తున్నట్టే. గోథమ్‌చెస్, అగడ్‌మేటర్ అనే యూట్యూబ్ చానెళ్ల గేము కథలు కూడా చూడండి, సరదాగా ఉంటాయి, కానీ వాటిని క్రికెట్ హైలైట్స్ ఖాతాలో వేసుకోండి, ప్రాక్టీస్ ఖాతాలో కాదు.

ఇంకొకటి, ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలిన ఆట చివరి భాగం) వీడియోలంటే బోర్ అని దాటేస్తారు అందరూ. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయింది ఎలా? ఆఖరి గేములో, డ్రా అయ్యేలా ఉన్న పొజిషన్‌లో, అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ 55వ ఎత్తుగా ఏనుగును ఎఫ్2కి తెచ్చాడు. గుకేశ్ ఏనుగులు మార్చుకుని, మూలన ఇరుక్కున్న డింగ్ శకటునూ మార్చుకునేలా చేశాడు. ఇక మిగిలింది రాజులూ బంట్లూ, అది గెలిచే ఎండ్‌గేమ్. రాజు ఎదురుగా రాజు నిలబెట్టే 'అపోజిషన్' మీద ఒక్క వీడియో చూసి, అదే పొజిషన్‌ను కంప్యూటర్ మీద గెలిచేదాకా ఆడండి.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు, టోర్నమెంట్లకు వెళ్తోంది. సిసిలియన్ డిఫెన్స్ (నల్లపావులతో ఆడే ఒక ఓపెనింగ్) వీడియో కోర్సు ఒకటి కొనమని వాళ్ల కోచ్ అంటున్నారు, వేలల్లో ఉంది. కొనాలా అండీ? — ఒక తల్లి, విజయవాడ

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ఆ కోర్సును కోచ్ గారే పక్కన కూర్చుని పాపతో ఆడించి చెబుతారా అని ఒకసారి అడగండి. అవునంటే ఆలోచించవచ్చు, పాప ఒక్కతే ట్యాబ్‌లో చూసుకోవాలంటే మాత్రం డబ్బు దండగ, ఆ వయసులో గంటల తరబడి వేరియేషన్లు (ఎత్తుల వరుసలు) బట్టీ పట్టినా అవతలి పిల్ల నాలుగో ఎత్తుకే వేరే దారిలో వెళ్లిపోతుంది. దానికంటే చెస్‌బేస్ ఇండియా చానెల్‌లో ఆటగాళ్లు గేము అయ్యాక తమ ఆట గురించి తామే మాట్లాడే వీడియోలు ఉంటాయి. మీ ఊరి హంపి, వరంగల్ అర్జున్ ఇరిగేశి లాంటివాళ్లవి వెతికి పెట్టండి. పక్కన చెక్క బోర్డు పెట్టుకుని పాప చేత్తో పావులు జరుపుతూ చూడాలి. ఆ కోర్సు డబ్బుతో ఇంకో రెండు టోర్నమెంట్ల ఎంట్రీ ఫీజు కట్టండి.

ప్రశ్న: మంచి వీడియోలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, వాళ్ల స్పీడు అందుకోలేకపోతున్నాను. ఏం చెయ్యాలి? — డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: గళ్ల పేర్లు, పావుల ఇంగ్లీషు పేర్లు, పిన్, ఫోర్క్, స్క్యూవర్ లాంటి మాటలు ఓ ముప్పై వస్తే సగం పని అయినట్టే, మిగతాది బోర్డే చూపిస్తుంది. వేగం 0.75కు తగ్గించి సబ్‌టైటిల్స్ పెట్టుకో. సెయింట్ లూయిస్ చెస్ క్లబ్ చానెల్‌లో గ్రాండ్‌మాస్టర్ యాసర్ సెయిరావాన్ క్లాసులతో మొదలుపెట్టు, ఆయన తొందరపడడు, కథ చెప్పినట్టు చెబుతాడు.