పాత సామాను అమ్ముతానంటున్న కొడుకు, ఉద్యోగం చూసుకోమంటున్న తండ్రి

ప్రశ్న: మా అబ్బాయి కామర్స్‌లో డిగ్రీ పూర్తిచేసి ఏడాది దాటింది. ఉద్యోగాలకు దరఖాస్తు చేయడం మానేసి పాత కెమెరాలు, జాకెట్లు, పింగాణీ వస్తువులు వెతికి కొని, ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు. ఇదే నా వృత్తి అంటున్నాడు. ఉద్యోగం చూసుకోమని ఏడాదిగా రోజూ చెబుతున్నా, గదిలో తలుపు వేసుకుని ఏదో చేస్తుంటాడు. సరుకు పెద్దమొత్తంలో కొనడానికి, అద్దెకు ఒక గది తీసుకోవడానికి డబ్బు సర్దమని అడుగుతున్నాడు. ఎంబీఏ, ఉద్యోగం, ఈ వ్యాపారం మూడింటినీ పోల్చి చెప్పగలరా? ఒకరు వాడేసినవి ఇలా తిరిగి అమ్మడం చట్టప్రకారం చెల్లుతుందా? అబ్బాయి ఏం చేస్తున్నాడని నలుగురూ అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: మీరు చివర రాసిన మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఉత్తరం మొత్తాన్ని నడిపిస్తున్నది అదే. తల్లిదండ్రుల నుంచి ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. ఒకరి అబ్బాయి వీడియోలు తీస్తానంటాడు, ఇంకొకరి అమ్మాయి కేకులు చేసి అమ్ముతానంటుంది. పని మారుతుంది కానీ, ‘నలుగురికీ ఏం చెప్పాలి’ అన్న బెంగ మారదు. వాడు బతకగలడా అన్నది ఒక భయం. వాడు చేసేదాన్ని నేను ఏమని చెప్పుకోవాలి అన్నది మరొకటి. మొదటిది మీ అబ్బాయి సమస్య, దానికి లెక్కలతో జవాబు దొరుకుతుంది. రెండోది పూర్తిగా మీది. ఈ రెండింటినీ ఒకే మూటగా కట్టి వాడి నెత్తిన పెట్టకండి.

పాత సామాను అమ్మడం నామోషీ అనుకుంటే, లండన్‌లో పేరుమోసిన వేలం సంస్థలు సోథ్‌బీస్ 1744 నుంచి, క్రిస్టీస్ 1766 నుంచి చేస్తున్నది ఆ పనే. అక్కడ సుత్తి కొట్టి అమ్ముతారు, మీ అబ్బాయి ఫోనులో ఫొటో పెట్టి అమ్ముతున్నాడు. చట్టం సంగతి కూడా తేల్చేద్దాం. న్యాయంగా కొన్న వస్తువును కొన్నవాడు తిరిగి అమ్ముకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1908లోనే, ఒక పుస్తకం ధర విషయంలో వచ్చిన వ్యాజ్యంలో చెప్పింది. ఈ సూత్రం ఏదో ఒక రూపంలో చాలా దేశాల్లో ఉంది. చిక్కంతా నకిలీ బ్రాండ్లతో, దంతపు వస్తువులతో, భద్రతా కారణాలతో కంపెనీలు వెనక్కి పిలిచిన సరుకుతో వస్తుంది. పసిపిల్లల కారు సీట్లు, హెల్మెట్లు ఎంత చవకగా దొరికినా ముట్టుకోవద్దని చెప్పండి. ఒకసారి దెబ్బ తగిలిందో లేదో పైకి కనిపించదు.

ఇప్పుడు బతకగలడా అన్న భయం గురించి. ఇక్కడ మీ మీద నాకు కొంచెం కోపం ఉంది. రెండు పేజీల ఉత్తరంలో మీ అబ్బాయి ఎంత పెట్టి కొన్నాడో, ఎన్ని అమ్మాడో, చేతిలో ఎంత మిగిలిందో ఒక్క అంకె కూడా లేదు. వాడు గదిలో తలుపు వేసుకుని ఏదో చేస్తున్నాడని రాశారు. ఏం చేస్తున్నాడో అడిగారా? కామర్స్ చదివినవాడు లాభనష్టాల పట్టిక వేయలేడా? ఏడాది పాటు ‘ఉద్యోగం చూసుకో’ అని రోజూ అన్న మనిషి ‘లెక్కల పుస్తకం చూపించు’ అని ఒక్కసారి అని ఉంటే, మీరు నాకు ఈ ఉత్తరం రాయాల్సిన అవసరమే ఉండేది కాదేమో.

అబ్బాయి పక్షం మాట్లాడుతున్నానని అనుకోకండి. ఈ వ్యాపారానికి ఇప్పుడున్న మోజు మీద నాకు పెద్ద అనుమానాలే ఉన్నాయి. ‘పాత సామానులో కొన్నాను, పది రెట్లకు అమ్మాను’ అనే వీడియోలు వాడు చూసే ఉంటాడు. వాటిలో కొన్న ధర ఉంటుంది, అమ్మిన ధర ఉంటుంది. ఆ రెండింటి మధ్య గడిచిన నెలలు ఉండవు. అదే రోజు కొని ఇప్పటికీ అటక మీదే పడి ఉన్న మిగతా సరుకు ఉండదు. పైగా అలాంటి వీడియోలు తీసేవారిలో చాలామందికి అసలు ఆదాయం ఆ వీడియోల నుంచి, ‘మీకూ నేర్పిస్తాం’ అంటూ అమ్మే కోర్సుల నుంచి వస్తుంది. మీ అబ్బాయి అలాంటి కోర్సుకు డబ్బు కట్టాడేమో ముందు కనుక్కోండి.

ఈ వ్యాపారంలో ఒక మౌలికమైన చిక్కు ఉంది. కొత్త చొక్కాలు అమ్మేవాడు ఒకసారి ఫొటో తీసి, ఒకసారి వివరం రాసి, అదే చొక్కాను వెయ్యిమందికి అమ్ముతాడు. పాత వస్తువు అమ్మేవాడి దగ్గర ప్రతిదీ ఒక్కటే ఉంటుంది. దాన్ని వెతకాలి, శుభ్రం చేయాలి, పరీక్షించాలి, కొలవాలి, ఫొటోలు తీయాలి, లోపాలతో సహా వివరం రాయాలి, బేరాలాడేవారికి జవాబివ్వాలి, పగలకుండా కట్టి పంపాలి. ఇంతా చేస్తే ఒక్క అమ్మకం. రేపు ఇంకో వస్తువుతో మళ్లీ మొదటి నుంచి. పెద్ద గోదాములు, యంత్రాలు, వందల మంది సిబ్బంది ఉన్న కంపెనీలకే ఇది కొరుకుడు పడలేదు. పాత ఖరీదైన బ్రాండ్లను అమ్మే ది రియల్‌రియల్ 2019లో, పాత బట్టలు అమ్మే థ్రెడప్ 2021లో అమెరికా షేర్ మార్కెట్‌కు వచ్చి, ఆ తర్వాత ఏళ్ల తరబడి నష్టాలే చూపించాయి. ఇంట్లో ఒక్కడే చేసేవాడికి అద్దె, జీతాల బరువు ఉండదు నిజమే. కానీ వాడి గంటలకు ఎవరూ ఖరీదు కట్టరు. వాడు కూడా కట్టుకోడు.

అందుకే ఆ ఖరీదు కట్టించండి. ఒక వస్తువు 100కు కొని 300కు అమ్మాడనుకుందాం. మూడు రెట్లు! ప్లాట్‌ఫాం కమీషన్, చెల్లింపు రుసుము కలిపి 45, ప్యాకింగుకు, రవాణాలో తన వాటాకు 40, వెనక్కి వచ్చేవాటి కోసం 15 పక్కన పెడితే మిగిలేది 100. ఆ వందను వెతకడం నుంచి పార్సిల్ ఇచ్చి రావడం దాకా పట్టిన గంటలతో భాగించమనండి. పేరున్న వస్తువుకైతే ఆ భాగఫలం బాగానే రావచ్చు. చవక జాకెట్టుకు వస్తే మాత్రం వాడే మొహం చిన్నబుచ్చుకుంటాడు. రవాణా ఖర్చులో ఇంకో మెలిక ఉంది. కొరియర్లు చాలావరకు పెట్టె పరిమాణాన్ని బట్టి కూడా బరువు కడతాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించడం బాగా వాడుకలో ఉన్న లెక్క. మూడు కిలోల పాత దీపాన్ని 40, 40, 50 కొలతల పెట్టెలో పెడితే అది 16 కిలోల సరుకుగా మారుతుంది. లాభం అక్కడే ఆవిరవుతుంది.

ప్రతి వస్తువుకూ ఎక్కడో ఒక కొనుగోలుదారు ఉంటాడనే మాట ఈ వర్గంలో తారకమంత్రంలా వినిపిస్తుంది. 1995లో పియర్ ఒమిడ్యార్ అనే ఆయన ఆన్‌లైన్ వేలం సైటు ఈబే మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట అమ్ముడుపోయింది పాడైపోయిన లేజర్ పాయింటర్. 14.83 డాలర్లకు కొన్నాయన తాను పాడైన లేజర్ పాయింటర్లనే సేకరిస్తానని చెప్పాడట. కథ బాగుంది. కానీ దీన్ని నమ్ముకుని ఇల్లు నింపుకున్నవారిని నేను చూశాను. కొనేవాడు ఉంటాడు సరే, ఎప్పుడు వస్తాడు? ఈలోగా డబ్బు సరుకులో ఇరుక్కుపోతుంది. అందుకే వాడు చూడాల్సింది ఇతరులు అడుగుతున్న ధరలను కాదు, నిజంగా అమ్ముడైన ధరలను. ఈబేలో అమ్ముడైనవాటిని మాత్రమే చూపించే వెసులుబాటు ఉంది. కొనకముందు దాన్ని చూస్తున్నాడా, కొన్నాక చూస్తున్నాడా అని అడగండి. వాడు వ్యాపారం చేస్తున్నాడో, షాపింగ్ చేస్తున్నాడో ఆ జవాబులోనే తెలిసిపోతుంది.

ఇంతా చెప్పి కూడా ‘మాన్పించండి’ అని ఎందుకు అనడం లేదో చెబుతాను. ఈ పనిలో నిజమైన విద్య ఉంది. మీకు నమ్మకం కుదరాలంటే వాడు ఒక కెమెరాను ఎలా చూస్తాడో పక్కన కూర్చుని గమనించండి. ఉదాహరణకు 1967లో వచ్చిన ఒలింపస్ ట్రిప్ 35. దానికి బ్యాటరీ ఉండదు. కటకం చుట్టూ గాజుబుడిపెల వలయం కింద వెలుతురును కొలిచే సెలీనియం ఘటం ఉంటుంది. ఆటోమేటిక్‌లో పెట్టి, ఆ వలయాన్ని అరచేత్తో మూసి మీట నొక్కితే వ్యూఫైండర్‌లో చిన్న ఎర్ర జెండా పైకి లేవాలి, ఫొటో పడకూడదు. చెయ్యి తీసి వెలుతురు వైపు తిప్పితే షట్టర్ పనిచేయాలి. మంచి ఎండలో కూడా ఎర్ర జెండానే కనిపిస్తే చాలావరకు ఘటం చచ్చిపోయిందనే అర్థం. తర్వాత కటకంలోకి టార్చి వేసి ఏటవాలుగా చూడాలి. సాలెగూడు పోగుల్లా అల్లుకున్నది కనిపిస్తే అది బూజు. వెనుక తలుపు తీసి, వెలుతురు చొరకుండా అంటించిన నల్ల స్పాంజి జిగురుగా కరిగి వేలికి అంటుతుందేమో చూడాలి. ఈ మూడూ పరీక్షించి, ఉన్నది ఉన్నట్టు రాసి, లోపాన్ని కూడా దగ్గరి నుంచి ఫొటో తీసి పెడుతున్నాడా? అలా అయితే మీ అబ్బాయి పని నేర్చుకుంటున్నాడు. ‘పరీక్షించలేదు’ అని రాసి వదిలేస్తున్నాడా? అలా అయితే ఒకటి గట్టిగా పెట్టండి. పరీక్షించకుండా అమ్మడం బద్ధకం. పరీక్షించి, పనిచేయదని తెలిసీ అలా రాయడం మోసం. కొనేవారికి ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మిగతా సరుకూ ఇంతే. కప్పు అడుగున ‘పశ్చిమ జర్మనీ’ అని ఉంటే అది 1990లోపుది. ‘ఆక్రమిత జపాన్’ అని ఉంటే, ముద్ర అసలుదైతే, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1952లోపు తయారైంది. ఎట్సీ అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటులో ‘వింటేజ్’ అని పెట్టాలంటే వస్తువుకు కనీసం 20 ఏళ్లు నిండాలి. ‘యాంటిక్’ అనే మాటను సాధారణంగా వందేళ్లు దాటినవాటికే వాడతారు. పాత జాకెట్టు మీద ఉన్న సైజు నేటి సైజుతో కలవదు కాబట్టి ఛాతీ, భుజం, చేతి పొడవు టేపుతో కొలిచి రాయాలి. రాయకపోతే సరుకు వెనక్కి వస్తుంది. ఇలా చరిత్ర, పరిశీలన, ధర కట్టడం, సూటిగా రాయడం ఒక్క చోట నేర్పే కళాశాల నాకైతే తెలియదు.

పోలిక అడిగారు కదా. ఎంబీఏ ప్రవేశ పరీక్షల సంగతి మీకు నాకన్నా బాగా తెలిసే ఉంటుంది, దాన్ని వదిలేస్తాను. ఉద్యోగం నెలనెలా జీతం ఇస్తుంది, అనారోగ్యమొస్తే సెలవు ఇస్తుంది. ఈ వ్యాపారం రెండూ ఇవ్వదు, అందులో దాచేదేమీ లేదు. అయితే మీరు భయపడుతున్నట్టు ఏడాది వృథా కాలేదు. రెండేళ్లు ఇదే చేసి మానేసినా, వేలం సంస్థల్లో వస్తువుల వివరాలు రాసే పనికి, ఆన్‌లైన్ దుకాణాల్లో సరుకు జాబితాలు చూసే పనికి, సరుకు ఎంపిక చేసే కొనుగోలు విభాగాలకు చెప్పుకోదగిన అనుభవం అవుతుంది. ఎంబీఏకే వెళ్లాలనుకున్నా, సొంత డబ్బు సరుకులో ఇరుక్కుపోతే ఎలా ఉంటుందో తెలిసినవాడు ఆ తరగతిలో వెనకబడడు. వాడికి వయసు ఉంది. ఈ వయసులో తగిలే నష్టం, అప్పు లేకుండా తగిలితే, పెద్ద నష్టం కాదు. ఉద్యోగమో వ్యాపారమో ఇప్పుడే తేల్చాలన్న తొందర మీదే గానీ వాడిది కాదు. వారంలో కొన్ని రోజుల ఉద్యోగం చేస్తూ మిగతా సమయంలో అమ్ముకోవడానికి అభ్యంతరం ఏమిటి? అది మీకు రెండు పడవల మీద కాళ్లలా కనిపిస్తుందని తెలుసు. కానీ ఈ రంగంలో నిలదొక్కుకున్న చాలామంది అలాగే మొదలుపెట్టారు.

కొన్న తేదీ, ధర, అమ్మిన తేదీ, కమీషన్, రవాణా, పట్టిన గంటలు, వస్తువుకో వరుస చొప్పున రాయమనండి. పన్నుల కోసమైనా అది తప్పదు. ఐరోపా సమాఖ్యలో 2023 నుంచి, ఏడాదికి 30 అమ్మకాలు చేసిన లేదా 2,000 యూరోలు దాటిన అమ్మకందారుల వివరాలను ప్లాట్‌ఫాంలే పన్ను శాఖలకు పంపాల్సి వస్తోంది. ఎక్కడైనా సరే, తన ఇంట్లో వాడిన వస్తువు అమ్ముకోవడం వేరు, అమ్మడానికే కొనడం వేరు. రెండోది వ్యాపారమే, దానికి వర్తించే నమోదు, పన్ను నియమాలను ఒక అకౌంటెంటును అడిగి తెలుసుకోవాలి. ఆరు నెలల లెక్క చేతికొచ్చాక, కొన్నవాటిలో ఎన్ని మూడు నెలల్లో అమ్ముడయ్యాయో ఇద్దరూ కలిసి చూడండి. సగం కూడా కదలకపోతే వాడి సమస్య అమ్మకంలో లేదు, కొనుగోలులో ఉంది. ఉన్నది అమ్ముడయ్యేదాకా కొత్త సరుకు ఆపమనండి.

డబ్బు మాటకొస్తే, పెద్దమొత్తం సరుకుకు ఇవ్వకండి. మూటలుగా అమ్మేవాటిలో పైన కనిపించేది ఒకటి, అడుగున ఉండేది ఒకటి. గది కూడా వద్దు. గది ఉంటే నింపాలనిపిస్తుంది, అద్దె ఉంటే కట్టాలి. దాని బదులు ఇంట్లో రెండు అల్మారాలు ఖాళీ చేసి ఇవ్వండి. అవి నిండాక ఒకటి అమ్మితే గాని ఇంకొకటి లోపలికి రాకూడదన్నది షరతు. కావాలంటే ఫొటోల కోసం మంచి వెలుతురు వచ్చే కిటికీ పక్క బల్ల కూడా వదిలిపెట్టండి. నలుగురూ అడిగితే, పాత కెమెరాలు పరీక్షించి చూసి అమ్ముతున్నాడని చెప్పండి.