చిన్న ఆఫీసుకు థ్రెట్ ఇంటెలిజెన్స్ ఫీడ్ అవసరమా?

రాయగడలో పదిహేను కంప్యూటర్ల ఆఫీసు చూసుకుంటున్నానని, అప్పటికప్పుడు అప్‌డేట్ అయ్యే థ్రెట్ ఫీడ్ పెట్టుకోవాలా అని అడిగారు. పెట్టుకోండి. కాకపోతే కొనేముందు దాన్ని దేనికి తగిలిస్తారో తేల్చుకోండి.

ఫీడ్ అంటే దొంగ డొమైన్లు, ఐపీ అడ్రసులు, మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాం) ఫైళ్ల హాష్‌ల (ఫైలును గుర్తుపట్టే వేలిముద్రలాంటి కోడ్‌ల) జాబితా. అది ఫైర్‌వాల్‌కో (నెట్ రాకపోకలను వడపోసేది) డీఎన్‌ఎస్‌కో (సైటు పేరును ఐపీ అడ్రసుగా మార్చేది) చేరి అడ్డుపడితేనే ఫలితం. మెయిల్లో పీడీఎఫ్‌గా వచ్చి పడి ఉంటే ఎందుకూ కొరగాదు. మీరు క్వాడ్9తో, అంటే దొంగ డొమైన్లను ఆపే డీఎన్‌ఎస్ సేవతో, మొదలుపెట్టండి: రూటర్లో డీఎన్‌ఎస్‌ను 9.9.9.9కి మార్చడమే, ఉచితం. అకౌంటెంటు నకిలీ కరెంటు బిల్లు లింకు నొక్కినా, ఆ డొమైన్ జాబితాలో ఉంటే పేజీ తెరుచుకోదు.

పాత ఎంట్రీలతో మాత్రం జాగ్రత్త. దాడి చేసినవాడు వదిలేసిన ఐపీ రేపు ఇంకొకరి చేతికి వెళ్తుంది. బరంపురంలో నేను చూసుకునే ఒక కొట్టులో, గడువు పెట్టని జాబితా వల్ల సరుకు పంపేవాళ్ల సైటే ఆగిపోయింది. పూటంతా బిల్లులు నిలిచాయి. అప్పట్నుంచి ఐపీలకు వారం గడువు పెడుతున్నాను. హాష్‌లకు ఆ బాధ లేదు, ఆ ఫైలు ఎప్పటికీ ఆ ఫైలే.

సాఫ్ట్‌వేర్ లోపాలను సరిచేసే ప్యాచ్‌లలో ఏది ముందు వేయాలో తేలకపోతే, అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సిసా 2021 నుంచి నడుపుతున్న జాబితా చూడండి. నిజంగా దాడుల్లో వాడిన లోపాలే అందులో ఉంటాయి.

లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏ సైటు తెరిచారో లాంటి రికార్డులు) 180 రోజులు దాచండి, మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశం కూడా అదే. ఒక డొమైన్ ఇవాళ జాబితాకెక్కితే, మొన్న మనవాళ్లెవరైనా దాన్ని తెరిచారేమో వెతకడానికి ఆ లాగ్‌లే దిక్కు.